టీవీకి గొంతు అరువిచ్చిన ఎండాకాలం

నా చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో జరిగేవి. అమీర్‌పేటలో మా సందు అప్పట్లో రెండు వరుసల చిన్న డాబాలు, మధ్యలో ఒక నల్లా, అంతే. ఇప్పుడున్న కోచింగ్ సెంటర్లు లేవు, హాస్టళ్లు లేవు, నెత్తిమీద మెట్రో లేదు. పన్నెండు దాటితే కుక్కలు కూడా గోడల నీడకు చేరిపోయేవి. ఆ మగత నిశ్శబ్దంలో ఆగి ఆగి వినిపించేది మా బాపు కుట్టుమిషన్ చప్పుడొక్కటే. ఇప్పుడు మా మనవరాలు సెలవుల్లో ఫోను పట్టుకొని, తిమింగలాల నుంచి చందమామ దాకా ఏ పాఠం కావాలంటే అది చూస్తుంటే నాకు ఆ మధ్యాహ్నాలే గుర్తొస్తాయి.

మాది మగ్గాల కుటుంబం. మా బాపు పెళ్లయ్యాక ఊరు విడిచి పట్నమొచ్చి, నేసే పని వదిలి కుట్టే పని నేర్చుకున్నాడు. ఇంటి ముందుగదే దుకాణం. తొక్కే మిషన్‌కు కరెంటు మోటారు బిగించిన రోజు మా ఇంట్లో కొబ్బరికాయ కొట్టారు. ఎండాకాలం వచ్చిందంటే పెళ్లిళ్ల బట్టలు గుట్టలుగా పడేవి, మా బాపుకు అన్నం తినే తీరిక కూడా ఉండేది కాదు.

నాకు నత్తి. చిన్నాచితకా నత్తి కాదు. నా పేరు నేను చెప్పుకోవాలంటే మొదటి అక్షరం దగ్గరే గొంతు బిగుసుకుపోయేది. మా బస్తీ బడిలో పంతులు దయగలవాడు గనక హాజరు పిలిచినప్పుడు చెయ్యెత్తితే సరిపెట్టుకునేవాడు. ఇంటికొచ్చిన వాళ్లు నీ పేరేంది అని అడిగితే నేను నోరు తెరిచేలోపే మా బాపు చెప్పేసేవాడు. ఆకలైతుందనీ, దాహమైతుందనీ కూడా ఆయనే చెప్పేవాడు. నేను కష్టపడటం ఆయన చూడలేకపోయేవాడు. ఆ ప్రేమ నాకు తెలుసు. కానీ ఆయన నా మాట అందుకున్న ప్రతిసారీ ఆ మాట నాది కాకుండా పోయేది.

ఆ ఏడు ఐదో తరగతి అయిపోయింది. ఆరుకు పంజాగుట్టలోని పెద్దబడికి పోవాలి. అక్కడ చేర్చుకునే ముందు హెడ్మాస్టరు తన గదిలోకి పిలిచి పేరడుగుతాడని, పుస్తకం గట్టిగా చదివిస్తాడని పిల్లలంతా చెప్పుకునేవారు. ఒకరోజు అన్నం తింటూ బాపు అమ్మతో అన్న మాటలు నా చెవిన పడ్డాయి.

"గీ పోరన్ని అంత పెద్ద బడికి తోలి నలుగురి ముందట నవ్వులపాలు జేసుడెందుకు? ఇంట్లనే మిషన్ మీద కూసుంటడు. బట్టతోని మాట్లాడే పనిలేదు."

బాపు గొంతులో కోపం లేదు, నా మీద జాలే ఉంది. అందుకే నాకు ఎక్కువ బాధేసింది. నాకు బడికి పోవాలని ఉండేది. పుస్తకంలో బొమ్మ కనిపిస్తే చాలు, దాని వెనక ఏముందో తెలుసుకునేదాకా నిద్రపట్టేది కాదు. ఆ సంగతి చెప్పడానికి కూడా నాకు మాట కావాలి కదా.

మా సందులో అప్పుడు ఒకే ఒక్క టీవీ ఉండేది, మా పక్కింట్లో. వాళ్లు గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. ఆ ఇంటి పెద్దాయన ఎర్రమంజిల్‌లో ఏదో సర్కారు ఆఫీసులో పనిచేసేవాడు. వాళ్లమ్మాయిని మేమంతా అక్కా అనేవాళ్లం. టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి, పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉంది. ఆదివారాలు చర్చిలో చిన్నపిల్లలకు పాటలు నేర్పేది. మిగతా రోజుల్లో మధ్యాహ్నం టీవీలో పిల్లల పాఠాలు వచ్చే వేళకు సందులోని పిల్లలందరినీ పిలిచి కూర్చోబెట్టేది.

ఆ గది నాకు ఇంకో లోకం. కిటికీకి తడిపిన వట్టివేళ్ల తడక కట్టి ఉండేది. దాని వాసన, దాన్లోంచి జల్లెడ పట్టినట్టు వచ్చే వెలుతురు, చల్లటి గచ్చు, మూలన తెల్లగా నీలంగా మెరిసే టీవీ. అందులో ఒకరోజు తేనెటీగలు, ఒకరోజు మంచుకొండలు, ఒకరోజు రైలింజను కడుపులోని చక్రాలు. పాఠం ఇంగ్లీషులో సాగేది, మాకు సగం కూడా తెలిసేది కాదు. తెలియకపోతేనేం, కళ్లు తెరిచి కలగంటున్నట్టు ఉండేది.

ఒకటే చిక్కు. బొమ్మ బాగా కుదిరిందనుకునేలోపు తెరంతా గీతలు పడేవి, చెవులు గింగురుమనేలా గరగర మొదలయ్యేది. యాంటెనా తిరిగిపోయిందని ఎవడో ఒకడు డాబా ఎక్కేవాడు. కాళ్లు కాలి గంతులేస్తూ, "ఒచ్చిందా?" అని పైనుంచి అరిచేవాడు. "ఒచ్చింది. అయ్యో, మళ్ల పోయింది. జర అటు తిప్పు," అని కిందనుంచి ఇంకొకడు. ఆ యాంటెనాను వాళ్లు తిప్పని దిక్కు లేదు.

తప్పు యాంటెనాది కాదని నాకొక్కడికే తెలుసు. మా బాపు మిషన్ మోటారు తిరిగినప్పుడే గీతలు పడేవి. ఆయన గుడ్డ సర్దుకోవడానికి ఆగితే బొమ్మ తేటపడేది. మళ్లీ కుట్టు మొదలైతే తెరమీద మళ్లీ గీతల వాన. నేను ఎలా చెప్పను? చెప్పడానికి నోరు రాదు, వచ్చినా చెప్పాలని లేదు. పెళ్లిబట్టలు మూలన పడేసి, మా పిల్లల టీవీ కోసం మా బాపు మిషన్ ఆపేయాలా? మిషన్ గొణిగినప్పుడల్లా నేను సిగ్గుతో మోకాళ్ల మధ్య తలదూర్చుకొని కూర్చునేవాణ్ణి.

అక్క ఒకరోజు ఆ చప్పుడు విని, తెర చూసి, నా ముఖం చూసింది. ఆమెకు అంతా అర్థమైపోయిందని నాకు తెలిసిపోయింది. ఇప్పుడు చెప్పేస్తుంది, పిల్లలంతా మా ఇంటి మీదకు పోతారు అనుకున్నాను. ఆమె లేచివెళ్లి టీవీ గొంతు పూర్తిగా తగ్గించేసింది.

"ఈ గరగర మనకెందుకు? టీవీలో ఆయన ఇంగ్లీషు మనకెలాగూ సగమే తెలుస్తోంది. ఆయన ఏం చెప్తున్నాడో మనమే చెబుదాం. రోజుకొకరు," అంది.

అలా మొదలైంది ఆ ఆట. నాలుగు గీతలు పడ్డా బొమ్మ తెలిసేది, మాట మాత్రం మాది. ఒకడు తేనెటీగల మాస్టారి చేత మామిడిపండ్లు అమ్మించాడు. ఇంకొకతి కోటు తొడుక్కున్న శాస్త్రవేత్తను పెళ్లిచూపులకొచ్చిన పెళ్లికొడుకును చేసింది. మేం పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాళ్లం. నవ్వులయ్యాక అక్క అసలు పాఠమేమిటో నెమ్మదిగా తెలుగులో చెప్పేది. నేను మాత్రం వంతు రాకుండా వెనక నక్కేవాణ్ణి. అక్క నన్ను పిలవలేదు. చాలా రోజులు పిలవలేదు.

ఆ రోజు ఎండ మరీ ముదిరి పిల్లలు తక్కువ మందే వచ్చారు. తెర మీద సముద్రం. నేను అంతవరకు సముద్రం చూడలేదు. గడ్డమున్న ఒకాయన ఒడ్డున చేతులు వెనక్కి కట్టుకొని నడుస్తున్నాడు. రెండు మాటలు చెప్తాడు, ఆగుతాడు, నీళ్లవైపు చూస్తాడు, మళ్లీ చెప్తాడు. అక్క నా పక్కన వచ్చి కూర్చుంది.

"ఇవాళ నువ్వేమీ మాట్లాడక్కర్లేదురా. ఆయనే మాట్లాడతాడు. నీ గొంతు కాసేపు ఆయనకి అరువివ్వు, చాలు."

నాకు ఏమనిపించిందో ఈనాటికీ సరిగ్గా చెప్పలేను. ఆయన పెదవులు కదిలాయి. ఇది సముద్రం అన్నాను. ఆయన ఆగాడు, నేనూ ఆగాను. ఆయన ఆగితే ఎవరూ నవ్వలేదు, ఎవరూ మాట అందించలేదు. దీనికి గోడలు లేవు అన్నాను. నీళ్ల అంచుకు నురుగుతో లేసు కుట్టారు, ఒక అల వచ్చి కుట్టు విప్పుతుంది, ఇంకో అల వచ్చి మళ్లీ కుడుతుంది అన్నాను. ఈ సముద్రం పొద్దంతా ఇసుకను ఉతుకుతూనే ఉంటుంది, ఎన్నడూ ఆరేయదు అన్నాను. ఎక్కడా గొంతు పట్టేయలేదు. నా కాళ్ల కింద గచ్చు చల్లగా ఉంది, నిజంగా తడి ఇసుకమీద నడుస్తున్నట్టే ఉంది. ఎవరో మాట్లాడుతుంటే నేను వింటున్నాననే అనుకున్నాను.

చాలాసేపటికి తెలిసింది, తెరమీద గీతలు లేవు. అలల మీది ఎండ కూడా స్పష్టంగా కనిపిస్తోంది. మిషన్ ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. తల తిప్పేసరికి మెడలో టేపుతో మా బాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన నన్ను చూడలేదు, మా వెనక మూలలన్నీ వెతుకుతున్నాడు.

"గా మాట్లాడుతున్నది ఎవలు బిడ్డా?" అని అక్కను అడిగాడు.

"ఏంటి బాబాయ్‌గారూ, గుర్తుపట్టలేదా? మీవాడే," అంది అక్క.

గుడ్డ సర్దుకుంటూ మిషన్ ఆపినప్పుడల్లా గోడ అవతల నుంచి ఒక పిల్లవాడి మాట వినిపించిందట. ఎవరబ్బా ఇంత ముద్దుగా చెప్తున్నారని చూడటానికి వచ్చాడు. పదేళ్లు పెంచిన కొడుకు గొంతు ఆయనకు తెలియదు. ఆయన మాత్రం ఎప్పుడు విన్నాడు గనక?

ఆయన్ను చూడగానే నా గొంతు మళ్లీ బిగుసుకుంది. తెరమీద గడ్డమాయన పెదవులు ఆడుతున్నాయి, నాకు మాట రావడం లేదు. బాపు అలవాటుగా ఏదో అందించబోయాడు. అక్క ఆయనవైపు చూసి, వద్దన్నట్టు చెయ్యి కొంచెం ఎత్తింది. తర్వాత నాతో, "తొందరేం లేదు, ఆయన ఇంకా నడుస్తూనే ఉన్నాడు," అంది. గరగర పోయినా ఆమె టీవీ గొంతు పెంచలేదు. నేను తెరవైపు తిరిగాను. ఎంతసేపటికో ఒక మాట వచ్చింది, దాని వెనక ఇంకొకటి వచ్చింది. బాపు గడపమీద కూర్చుండిపోయాడు. దుకాణంలో ఎవరో పిలుస్తున్నా లేవలేదు. సముద్రం అయిపోయేదాకా విన్నాడు.

ఆ సాయంత్రం నన్ను దుకాణంలో దీపం కింద నిలబెట్టి, "జర సీదా నిలబడు," అన్నాడు. భుజాలు కొలిచాడు, నడుము కొలిచాడు, కాలు కొలిచాడు. అంతవరకు నాకు ఎవరివో మిగిలిన ముక్కలతోనే బట్టలు కుట్టేవాడు, కొలత తీసుకున్నదే లేదు.

"పెండ్లిబట్టలు గన్ని పడి ఉంటే గిప్పుడు గిదేంది?" అంది అమ్మ.

"బడి తెరుస్తరు గద," అన్నాడు బాపు. బడి లాగు కోసం తీసిన నీలం గుడ్డను నా కాలికి ఆనించి, అంచు దగ్గర అమ్మకు కనబడేలా లోపలికి రెండు మడతలు వేశాడు. "పోరడు పెరుగుతడు. ఏడో తరగతికి ఒకటి విప్పాలె, ఎనిమిదికి ఒకటి."

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను కదిలితే కొలత తప్పుతుందని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడు కలిగిందో వెతుక్కోవాలి.

బడి తెరిచాక పంజాగుట్టకు బాపు నన్ను వెంటబెట్టుకొని పోయాడు. హెడ్మాస్టరు కళ్లద్దాల పైనుంచి చూసి నీ పేరేమిటి అన్నాడు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. గోడగడియారం కొట్టుకుంటోంది. హెడ్మాస్టరు బాపువైపు చూశాడు. బాపు చెమట తుడుచుకున్నాడు, దవడ బిగించాడు, పైకప్పు వైపు చూశాడు, కానీ నా పేరు చెప్పలేదు. ఆయన ప్రాణం ఎంత కొట్టుకుందో నాకు పక్కనే నిలబడి తెలుస్తూనే ఉంది. చివరికి ముక్కలు ముక్కలుగానే అయినా నా పేరు నేనే చెప్పాను.

నత్తి నన్ను పూర్తిగా వదల్లేదు, ఇప్పటికీ అలసిపోతే వస్తుంది. అయినా బతుకంతా ఒక ఆఫీసు కౌంటర్ వెనక కూర్చొని, రోజంతా జనంతో మాట్లాడే ఉద్యోగమే చేశాను. మా మనవరాలు ఫోన్లో పాఠం చూసొచ్చి, "తాతా, నీకు తెలుసా," అని మొదలుపెట్టి, నడుమ మాట దొరక్క ఆగుతుంది. ఆ మాటేమిటో నాకు తెలిసే ఉంటుంది. నాలుక చివరిదాకా వస్తుంది కూడా. మింగేసి కూర్చుంటాను, అది తానే వెతుక్కునేదాకా. ఊరుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. మా బాపు నాకోసం చాలా చేశాడు, రాత్రీ పగలూ కుట్టాడు. కానీ వాటన్నిటికంటే పెద్ద సాయం ఏదంటే, ఆ హెడ్మాస్టరు గదిలో నా పక్కన ఏమీ అనకుండా నిలబడటమే అంటాను.