ఇరవై రెండు నుంచి ఇరవై మూడుకు

"సార్, మీ పెద్దాయన ఈడ పడిపోయి ఉండాడు. తొందరగా రాండి."

నిన్న పదకొండున్నరకు ఫ్యాక్టరీ సెక్యూరిటీ గార్డు ఫోన్ చేసి ఈ మాట అన్నాడు.

ఏ పెద్దాయన అని అడిగాను. నిజంగానే అడిగాను. పావుగంట ముందే కదా, మా మద్దిలేటన్న టీవీలో నాకు దండం పెట్టి నడుచుకుంటూ పోయింది.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు. యాభై దాటాయంతే ఆయనకు.

తెలియని వాళ్ళకు చెప్తాను. కర్నూలులో మా ఇద్దరిదీ సీసీ కెమెరాలు బిగించే పని. పెద్ద పెద్ద చోట్ల, కెమెరాల వైర్లన్నీ వచ్చి చేరే స్విచ్చర్ డబ్బాలు రెండు మూడు కలిపి, అన్నీ ఒకే కీబోర్డుతో నడిచేట్టు సెట్ చేస్తాం. నంబరు నొక్కితే ఆ కెమెరా బొమ్మ టీవీ మీదికి రావాలి. వినడానికి ఇంతే.

అన్నకో అలవాటు ఉంది. పని అప్పజెప్పే ముందు ప్రతి కెమెరా ముందుకూ తనే నడిచిపోయి నిలబడతాడు. నేను కీబోర్డు మీద నంబరు నొక్కుతాను. ఆయన ఆ నంబరు వేళ్ళతో చూపిస్తాడు. ఇరవై మూడంటే ముందు రెండు వేళ్ళు, తర్వాత మూడు. చివర్లో కెమెరాకు ఒక దండం. చూసేవాళ్ళు ఇదేదో మొక్కుబడి అనుకునేవాళ్ళు. దండం కనపడితేనే నేను పేపర్ మీద టిక్ పెట్టాలి.

నాలుగు చూస్తే చాలు కదన్నా, అన్నీ ఎందుకు అని ఎన్నిసార్లు పోట్లాడానో.

"బొమ్మను నమ్మొద్దప్పా. మనిషి కనపడాల" అనేవాడు.

ఈ అలవాటు ఎట్లా వచ్చిందో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఈరోజు చెప్తాను.

ఎనిమిదేళ్ళ కింద ఒక బట్టల షాపు. మూడంతస్తులు, రెండు డబ్బాలు. ప్రతి డబ్బాకూ వెనకాల చిన్న స్విచ్చులతో దాని నంబరు పెట్టాలి. ఒకటి, రెండు అని. ఆ పని నాది. రెండింటికీ ఒకటే పెట్టేశాను. మొదటి డబ్బా కెమెరాలు చూసి, అన్నీ బాగున్నాయన్నా అని చెప్పి బిర్యానీకి పోయాను.

ఓపెనింగ్ రోజు ఓనర్ చుట్టాలందరినీ నిలబెట్టుకుని, పైన పట్టుచీరల సెక్షన్ చూపిస్తానని నంబరు నొక్కాడు. ఆ కెమెరా రెండో డబ్బాది. రెండో నంబరుకు పలికే డబ్బానే లేదు. టీవీ మీద పాత బొమ్మే ఉండిపోయింది. అది గేటు దగ్గరి చెప్పుల స్టాండు. ఆయన నొక్కుతానే ఉన్నాడు, చెప్పులు కదల్లేదు.

"పట్టుచీరలు యాడ నాయనా? నా చెప్పులే కనపడతాండాయి" అంది ఒక ముసలావిడ. అందరూ పకపకా నవ్వారు.

ఎవడు సెట్ చేసింది ఇది అని ఓనర్ అరిచాడు. నేను నోరు తెరిచేలోపే అన్న ముందుకొచ్చి, "నేనే సార్, నాదే తప్పు" అన్నాడు.

నోరు తెరిచేలోపే అని రాశాను. అబద్ధం. నేను నోరు తెరవలేదు.

అంతమందిలో తిట్లు తిని బయటికొచ్చి, నన్ను ఒక్క మాట అనలేదు. "ఇంక మీదట నేను నిలబడతా, నువ్వు నొక్కు" అన్నాడు. అంతే.

నిన్న కడప దగ్గర ఫ్యాక్టరీ. మూడు డబ్బాలు, నలభై ఎనిమిది కెమెరాలు. ఎండ మండిపోతోంది. టోపీ పెట్టుకోమంటే వినలేదు. ఇరవై రెండు దగ్గర రెండు వేళ్ళు, మళ్ళీ రెండు వేళ్ళు, దండం. ఫోన్‌లో "ఇరవై మూడుకు పోతాండా, నొక్కి పెట్టుకో" అన్నాడు.

నొక్కి పెట్టుకున్నాను.

ఖాళీ దారి. మనిషి రాలేదు.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? బొమ్మ పాతదే ఆగిపోయిందేమో, మళ్ళీ నంబరు తప్పు పెట్టానేమో అని డబ్బాల వెనక్కి పోయి స్విచ్చులు చూస్తూ కూర్చున్నాను.

పావుగంట.

స్విచ్చులన్నీ సరిగ్గానే ఉన్నాయి. దారి నిజంగానే ఖాళీగా ఉంది. ఆ రెండు కెమెరాల మధ్య, దేనికీ కనపడని మలుపులో, అన్న గోడ పక్కన పడిపోయి ఉన్నాడు.

గుండె అన్నారు డాక్టర్లు. కొంచెం ముందు తెచ్చుంటే అని అడగాలనుకున్నాను. ధైర్యం చాలలేదు.

ఈ పొద్దున వదిన నన్ను ఒక్కటే అడిగింది.

"నువ్వు టీవీలో చూస్తానే ఉంటివి కదప్పా?"

చూస్తానే ఉంటి వదినా. బొమ్మ నిజమే చెప్పింది. లేచి మనిషి కోసం పోకుండా స్విచ్చులు చూసుకున్నాను.

మా సర్కిల్‌లో అందరికీ చెప్తున్నాను, ఆ షాపు ఓనర్ చూసినా సరే. ఆ రోజు తప్పు నాది. అన్నది కాదు. నా తప్పుకు ఆయన ఎనిమిదేళ్ళు ఎండల్లో నిలబడ్డాడు. ఆయన ఉండగా ఈ మాట ఒక్కరికీ చెప్పలేకపోయాను.

టిక్‌ల పేపర్ నా జేబులోనే ఉంది. ఇరవై రెండు దాకా ఉన్నాయి.

పోయిరా అన్నా. మిగతా ఇరవై ఆరింటి ముందు నేను నిలబడతా. నువ్వు చల్లని నీడ చూసుకుని, ప్రశాంతంగా కూర్చో.