మానేసిన కన్నడం

నా పుట్టిల్లు కర్ణాటక సరిహద్దులోని మడకశిర, మా ఇంట్లో కన్నడమే. ధర్మవరం కోడలిగా వచ్చాక అందరితో తెలుగే అయినా, నా కూతురితో మాత్రం కన్నడమే మాట్లాడేదాన్ని. "బా కందా" అని పిలిస్తే తిరిగి చూసేది కాదు గానీ, నేను మాట్లాడినంతసేపూ నా గొంతు మీద అరచెయ్యి ఆనించి కూర్చునేది.

మూడేళ్లు నిండినా దానికి మాట రాలేదు. "రెండు భాషలు కలేస్తే పసిబిడ్డకు మాట యాడొస్తాదే? నీ కన్నడం ఆపు" అంది మా అత్త. మగ్గం మీద నుంచి లేవకుండానే మా ఆయన అవునన్నాడు. నేనూ నమ్మాను, అదీ నా ఖర్మ. నాకొచ్చిన కాస్త తెలుగులో బిడ్డకు ఏం కబుర్లు చెప్పను? తిను, పడుకో, వద్దు. అంతే. గొంతు మీద చెయ్యి పెట్టడం అదెప్పుడు మానేసిందో కూడా గమనించలేదు.

రెండేళ్ల తర్వాత, మొన్న, హిందూపురంలో డాక్టరమ్మ చూసి ఆటిజం అన్నారు. "దీనికీ భాషకూ సంబంధం లేదమ్మా. కడుపులో ఉన్నప్పుడే మెదడు కణాలు ఒకదానితో ఒకటి అల్లుకోవడం మొదలవుతుంది. ఈ పాపకు ఆ అల్లిక వేరేగా సాగింది. చాలావరకు పుట్టుకతో వచ్చేదే. మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి" అని చెప్పారు.

తిరుగు బస్సులో పెనుకొండ కొండ కనబడగానే బిడ్డను దగ్గరికి తీసుకున్నాను. "నోడు కందా, బెట్ట" అనబోయాను.

నా నోటికి "చూడమ్మా, కొండ" అనే వచ్చింది.