సబ్బుపొడి డబ్బాకి తాళం

ఆ లాండ్రీ నడిపే పెద్దకోడలు ఎవర్నీ నమ్మదు. సబ్బుపొడి డబ్బాకి తాళం వేసి, తాళంచెవి నడుముకి కట్టుకుంటుంది. మూత తీసినప్పుడల్లా పొడి వాసన చూసి, తోడికోడలి వైపు అదోలా చూస్తుంది. ఆ రోజు మరిగే నీళ్లలో పొడి కలిపి, తెల్లదనానికని వెనిగర్ వంపినా దుప్పటి మీది నెత్తుటి మరక పోలేదు. "ఇందులో ఉప్పు కలిపావు కదూ?" అని తోడికోడల్ని నిలదీసింది.

తోడికోడలు అదే పొడి గోరువెచ్చని నీళ్లలో కలిపి, అలాంటి మరకే ఉన్న ఇంకో దుప్పటి నానబెట్టింది. "మరకని తినేది పొడిలోని ఎంజైము అక్కా. మరిగే నీళ్లు పోస్తే అది చచ్చూరుకుంటుంది. పులుపు తగిలితే దానికి చెయ్యాడదు."

మధ్యాహ్నానికి మరక మాయమైంది. పెద్దకోడలు దుప్పటిని వెలుతురుకి పట్టి చూసింది, గోటితో గీరి చూసింది. తర్వాత డబ్బా తాళం ఊడదీసి, వెనిగర్ ఉన్న అలమరకి వేసి, తాళంచెవి తోడికోడలి చేతిలో పెట్టింది.

"నా దగ్గరుంటే మళ్లీ వంపుతాను. నన్ను నమ్మకు."