చీటీలో నేను మార్చిన మాట

మా పక్కింటి పెద్దమ్మ ఈ మధ్యే ఒక బుధవారం కన్నుమూసింది. బడిలో ఆరో తరగతి పిల్లల వ్యాసాలు దిద్దుతుంటే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పెన్ను పక్కన పెట్టాను. ఆ రోజు ఇంకొకరి వాక్యం దిద్దడానికి నాకు చెయ్యి రాలేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ భర్త చిన్న వయసులోనే పోయాడు. అల్లం చేలలో కూలి చేసి ఒక్క కొడుకును పెంచింది. నేను అన్నా అని పిలిచే ఆ కొడుకు లారీ డ్రైవరు. జహీరాబాద్ నుంచి బొంబాయికి అల్లం లోడు తీసుకెళ్తాడు. బయలుదేరే ముందు పెద్దమ్మ ముందు టైరు మీద చెయ్యి పెట్టి, కళ్లు తెరిచే ప్రార్థన చేసేది. "కండ్లు మూస్తె సప్పుడు జెయ్యక బండి తీస్కపోతడు" అనేది. లారీకి నిమ్మకాయ వేలాడుతుండేది. "నిమ్మకాయ గట్టిన బండికి పార్థనేందక్కా?" అని మా అమ్మ ఆటపట్టిస్తే, "బండి సేటుది, సేటు కట్టుకున్నడు. పిలగాడు ప్రభువుది" అని తన పని తాను చూసుకునేది.

ఆమెకు చదువు రాదు. మా చర్చిలో ఆదివారం ప్రార్థన చీటీలు పెట్టెలో వేస్తే పాస్టరుగారు పేరుతో సహా చదువుతారు. ఎనిమిదో తరగతి నుంచి ఆమె చీటీ నేనే రాసేదాన్ని. ప్రతి వారం ఒకటే మాట: "నా కొడుకు తొవ్వ మీదున్నడు. ప్రభువు జర ఆని ఎంబడి ఉండాలె." తొవ్వ అంటే మావైపు దారి. కొడుకు లోడుతో వెళ్లాడని ఆమె చెప్పడం, అంతే.

కాన్వెంటులో సిస్టర్లు నా తెలుగును మెచ్చుకునేవారు. డిగ్రీ చదివే రోజుల్లో, ఆ 'జర', ఆ 'ఆని' నా చేతిరాతలో అందరి ముందు వినబడుతుంటే నాకు సిగ్గేసేది. ఒక ఆదివారం ఆమెను అడక్కుండా ఇలా రాశాను: "దారి తప్పిన నా కుమారుని ప్రభువు తన మందలోనికి తిరిగి తెచ్చును గాక." రాసి రెండుసార్లు చదువుకున్నాను. బాగుందనిపించింది.

ఆ ఆదివారం అన్న చర్చికి వచ్చాడు. తెల్లారే బొంబాయి నుంచి దిగి, స్నానం చేసి, వెనక వరసలో కూర్చున్నాడు. పాస్టరుగారు పెద్దమ్మ పేరు చెప్పి నా వాక్యం చదివారు. తలలు వెనక్కి తిరిగాయి. ఎవరో నవ్వారు. అన్న లేచి బయటికి వెళ్లిపోయాడు.

గేటు దగ్గర ఆమెను అడిగాడు. "అమ్మా, నేను దారి దప్పిన్నా? గిట్ల రాపిచ్చినవా?"

పెద్దమ్మ పక్కనే ఉన్న నా వైపు చూసింది. నేను చెప్పుల వైపు చూశాను.

"నేనే జెప్పిన బిడ్డా. మాట జారింది" అంది.

ఆ తర్వాత మూడేళ్లు, ఆమె పోయేదాకా, అన్న చర్చి లోపలికి రాలేదు. స్కూటర్ మీద తల్లిని గేటు దగ్గర దింపి, అవతల చాయ్ హోటల్లో కూర్చునేవాడు. నెలకో ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లలో కొడుకు తన ఎదురుగా కూర్చుని తీసుకుంటే చూడాలని ఆమెకు ఆశ. ప్రతి నెలా ఆ ఆదివారం తలుపు వైపు చూసేది. ఆ చూపు నాకు తెలుసు. నేను నోరు విప్పితే సరిపోయేది.

గేటు దగ్గర ఆ మాట జరిగిన మరుసటి వారమే ఆమె చీటీ కోసం మళ్లీ నా దగ్గరికే వచ్చింది. "ఈసారి నేను జెప్పినట్లె రాయి" అంది. ఆమె నన్ను మందలించింది అంతవరకే. అన్నకు నిజం ఎందుకు చెప్పలేదని అడిగాను. "చదువుకునే పిల్లవు. చర్చిల నిన్ను ఎవలన్న ఒక మాటంటే మల్ల పెన్ను వట్టవు. ఆడు నా కొడుకు. నా మీద కోపం ఎన్నొద్దులుంటది?"

ఎన్నాళ్లుందో మీకు చెప్పాను.

ఆమె పోయేనాటికి అన్న షోలాపూర్‌లో ఉన్నాడు. లోడు అక్కడే ఇంకో డ్రైవరుకు అప్పగించి సాయంత్రానికి చేరుకున్నాడు. సమాధి అయిన మర్నాడు వాళ్ల గుమ్మం ముందు నిలబడి చెప్పాను. "అన్నా, ఆ చీటీలో మాటలు నావి. పెద్దమ్మ అట్లా చెప్పలేదు."

అన్న గుమ్మం మీద కూర్చున్నాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు: "అమ్మ జల్మల 'కుమారుడు' అనలె చెల్లె. పోరడు అంటది, గాడ్ది అంటది. ఆ మాట ఇన్ననాడే నాకు సమజ్ కావాల్సుండె. మంది నవ్విన్రని రోషమొచ్చింది." గుమ్మం మీంచి లేస్తూ, "నువ్వు జర ముందుగాల జెప్తె..." అని ఆపేశాడు.

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

మొన్న ఆదివారం ప్రభువు బల్ల. మా చర్చిలో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు చాపల మీద కూర్చుంటారు. అన్న ఆలస్యంగా వచ్చాడు. మగవాళ్ల వైపు వెళ్లకుండా, ఆడవాళ్ల మూడో వరసలో, వాళ్లమ్మ కూర్చునే చోట కూర్చున్నాడు. ఒక పెద్దమనిషి లేవబోతే పాస్టరుగారు వద్దని చెయ్యి ఊపారు. పక్కనున్న ముసలామె అన్న వైపు చూడకుండానే కొంచెం జరిగి చాప మీద చోటిచ్చింది. కొంగులు కప్పుకున్న తలల మధ్య ఏమీ కప్పుకోని తల ఒక్కటే, వంచుకుని ఉంది. రొట్టె పళ్లెం ఒక్కొక్కరినీ దాటుకుంటూ అటువైపు వెళ్తోంది.