మొదటి సూది చుక్కలు

పరవాడలో ఒక మందుల కంపెనీ నాణ్యత పరీక్షల విభాగంలో చాలాకాలం పనిచేశాక, అనకాపల్లిలో కొత్తగా పెట్టిన చెరకు తెగుళ్ళ పరీక్షా కేంద్రంలో చేరాను. జూలై మొదటి సోమవారం. హోదా సీనియర్ టెక్నికల్ ఆఫీసర్. గుమ్మం పక్కన అధికారుల పేర్ల బోర్డు మీద ఏడు పేర్లున్నాయి, నాది లేదు. అడిగితే, నా ఉత్తర్వులు రాకముందే బోర్డు రాయించేశామన్నారు. నేను రిటైరైన రోజున కూడా గోడకి అదే బోర్డు ఉంది.

మేము తయారుచేసింది బయోచిప్‌లు. చిప్ అనగానే ఫోన్‌లో ఉండే ముక్క అనుకుంటారు. మాది గాజు స్లైడ్, కాలేజీలో మైక్రోస్కోప్ కింద పెట్టేలాంటిదే. దాన్ని శుభ్రంగా కడిగి, డీఎన్ఏ అంటుకునేలా ఒక రసాయనం పూత వేస్తాం. ఆ పూత మీద వెంట్రుక మందం చుక్కలు, పన్నెండు వరసలు, వరసకి పన్నెండు. ఒక్కో వరసలో ఒక్కో సూక్ష్మజీవికి చెందిన చిన్న డీఎన్ఏ పోగు ఉంటుంది. దాన్ని ప్రోబ్ అంటారు. రైతు తెచ్చిన చెరకు ముక్కలోంచి డీఎన్ఏ తీసి, మాకు కావలసిన భాగాన్ని లక్షల నకళ్ళుగా పెంచి, వెలిగే రంగు తగిలించి స్లైడ్ మీద పోస్తాం. తడి ఆరని పెట్టెలో వెచ్చగా ఉంచితే అది తన జత ప్రోబ్‌ను వెతుక్కుని అతుక్కుంటుంది. మర్నాడు కడిగి లేజర్ స్కానర్‌లో పెడితే అతుక్కున్న చోట మాత్రమే వెలుగుతుంది. చుక్క మీద పేరు ఉండదు. ఎన్నో వరసలో ఉందో అదే దాని పేరు.

పైనుంచి రెండో వరస ఎర్రకుళ్ళు తెగులుది. చెరకుకు అంతకంటే పెద్ద భయం లేదు. కింద నుంచి రెండో వరస, ఆ శిలీంధ్రానికి దగ్గర చుట్టమైన మరొకదానిది. అది గడలో ఊరికే బతుకుతుంది, పంటకు ఏ హానీ చేయదు. ఒకదాన్ని చూసి మరొకటి అనుకోకూడదని రెండింటినీ పెట్టారు.

చుక్కలు పెట్టే యంత్రాన్ని స్పాటర్ అంటారు. దాని తలకి నాలుగు ఉక్కు సూదులు, ఒక్కో సూది మూడేసి నిలువు వరసలు పెడుతుంది. ఆ యంత్రం నా చేతి కింద ఉండేది. నాకు సాయంగా సువార్త అనే టెక్నీషియన్ ఉండేది. అనకాపల్లి టౌన్ పిల్లే. వాళ్ళ నాన్న చర్చిలో హార్మోనియం వాయించేవాడు. పై అధికారుల ముందు నన్ను మేడం అనేది. మేమిద్దరమే ఉన్నప్పుడు అప్పా అనేది, మా వైపు అప్ప అంటే అక్క. నాకు సొంత చెల్లెళ్ళు లేరు.

ఏసీ గాలికి మా చుక్కలు త్వరగా ఆరిపోయేవి. ఆరేటప్పుడు డీఎన్ఏ అంతా అంచుకు చేరి, మధ్యలో ఖాళీ మిగిలేది. వాటిని మేము గారెలు అనేవాళ్ళం. గారెలను సరిచేయాలంటే స్లైడ్‌ను వేడినీటి గిన్నె మీద బోర్లించి ఆవిరి పట్టాలి. చుక్కలన్నీ ఉబ్బి ఒక్కసారిగా మెరుస్తాయి. ఆ మెరుపు కనబడగానే తీసి వేడిపలక మీద పెట్టాలి. ఒక్క క్షణం ఆగితే పక్కచుక్కతో కలిసిపోతాయి. ఎన్ని సెకన్లు అని ఏ పుస్తకంలోనూ ఉండదు, ఆ రోజు గాలిని బట్టి మారుతుంది. సువార్త కన్ను దానికి సరిపోయింది.

"అప్పా, పొంగినాయి. దించీనా?"

"ఉండవే, ఇంకా పొంగలేదు."

"మీ ఇంట్లో గారెలెప్పుడైనా సరిగ్గా వచ్చేయా అప్పా? ఇక్కడ నాకు పాఠాలు సెప్తన్నావు."

రోజుకి ఇరవై స్లైడ్‌ల దాకా పట్టేవాళ్ళం. ఆవిరికి ఆమె ముంగురులు నుదుటికి అంటుకునేవి. ఆ గదిలోని ఆ పొద్దుటిపూటలు నాకు మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు ఇంట్లో ఎంత తీరిక ఉన్నా వాటికి సాటి రావు.

చేరిన ఏడాదిలోనే నేను రెండు నోట్లు పెట్టాను. ఒకటి, ఎడమ చివరి సూది, అంటే మొదటి సూది మొన అరిగింది, దాని చుక్కలు మిగతావాటికంటే లావుగా పడుతున్నాయి, మార్చండి అని. ఇది మూడుసార్లు రాశాను. రెండోది మూలల గురించి. మా స్లైడ్‌కు నాలుగు మూలలా ఎప్పుడూ వెలిగే చుక్కలు పెట్టేవారు, పరీక్ష సరిగా జరిగిందని తెలియడానికి. నాలుగూ ఒకేలా ఉంటే స్లైడ్ తలకిందులైనా తెలియదు. ఒక మూల ఖాళీగా వదలండి, దిక్కు తెలుస్తుంది అని రాశాను.

మా విభాగాధిపతి హైదరాబాద్ నుంచి వచ్చిన డాక్టరేట్ మనిషి, నాకంటే పదహారేళ్ళు చిన్న. నెలవారీ సమావేశంలో నా నోట్ చేతిలో పట్టుకుని, "లేబుల్ చూసే కదా మేడం స్కానర్‌లో పెడతాం" అన్నాడు. సబ్బు కలిపిన వేడి ద్రావణంలో కడిగితే లేబుళ్ళు ఊడుతున్నాయని చెప్పాను. "చుక్కలు పెట్టడం వరకే మీ పని. చదవడం మా పని" అన్నాడు. అక్కడ తొమ్మిది మంది ఉన్నారు. ముగ్గురు నవ్వారు. వాళ్ళ పేర్లు నాకు గుర్తున్నాయి, ఇక్కడ రాయను.

ఫిబ్రవరిలో, చెరకు నాట్ల ముందు, కె. కోటపాడు వైపు నుంచి అప్పలనాయుడు అనే రైతు తన విత్తన తోట నుంచి ముక్కలు పంపించాడు. విత్తన తోటలో గడలను మూడు కళ్ళ ముచ్చెలుగా నరికి నాటుకుంటారు. అతని తోట నుంచి ముచ్చెలు తీసుకోవడానికి ఊళ్ళో సగం మంది ఒప్పుకుని ఉన్నారు. సోమవారం మా కేంద్రం నివేదిక ఇచ్చింది. ఎర్రకుళ్ళు ఉంది, తోట మొత్తం పీకి తగలబెట్టాలి, ఆ ముచ్చెలు ఎవరూ నాటకూడదు.

మంగళవారం పొద్దున్నే అతను బస్సు దిగి మా కేంద్రానికి వచ్చాడు. చేతిలో నిలువునా చీల్చిన గడ ఉంది.

"సీరి తెచ్చేను, సూడండి బాబూ. లోన ఎక్కడైనా ఎరుపుందేటి? పుల్లకంపుందేటి? మా తాత కాలం నుంచి సెరకేత్తన్నాం. నా తోటకి రోగం నేదు. ఉందని నాను ఒప్పుకుంటే రేపు ఊళ్ళో నా మొకం ఎవడు సూత్తాడు?"

తెగులు మొదట్లో కంటికి కనబడదు, అందుకే ఈ పరీక్ష అని విభాగాధిపతి చెప్పాడు. శాస్త్రం ప్రకారం ఆ మాట నిజమే. చెప్పి ఆయన మధ్యాహ్నం విశాఖపట్నం పనిమీద వెళ్ళిపోయాడు. అప్పలనాయుడు గడను అక్కడే బల్ల మీద వదిలేసి వెళ్ళాడు.

సాయంత్రం సువార్త ఆ స్లైడ్ స్కాన్ చిత్రం తెచ్చి నా ముందు పెట్టింది. నేను అడిగితే తెచ్చింది కాదు, ఆ రైతు మాట తట్టుకోలేక తెచ్చింది. పైనుంచి రెండో వరస వెలుగుతోంది. కానీ లావు చుక్కలు మూడు నిలువు వరసలూ కుడివైపున ఉన్నాయి. నా మొదటి సూది ఎప్పుడూ ఎడమనే పెడుతుంది. లేబుల్ ఊడిన స్లైడ్‌ను తిప్పి పెట్టారని, చిత్రం తలకిందులుగా ఉందని చూసిన క్షణంలోనే నాకు తెలిసింది. నిజానికి వెలిగింది కింద నుంచి రెండో వరస. ఆ తోటలో ఉన్నది హాని లేని చుట్టం.

అది తెలిసే వీలు ఆ భవనంలో నాకొక్కదానికే ఉంది. వాళ్ళు మార్చని సూది వల్లే తెలిసింది.

సువార్తకి చూపించాను. ఆమె కుర్చీలోంచి లేచిపోయింది.

"అయితే పోన్ సేసి సెప్పీ అప్పా, ఇప్పుడే!"

"చదవడం వాళ్ళ పని అన్నారు కదా. అడగమను. రాతపూర్వకంగా అడిగితే రాతపూర్వకంగా చెప్తాను."

"ఆయన తోట తగలెట్టీసుకుంటాడు అప్పా."

"వాళ్ళు చదివారు, వాళ్ళే చూసుకుంటారు. నువ్వు కూడా మాట్లాడకు. నా మాట మీద గౌరవముంటే మాట్లాడకు."

ఆ చిత్రం మీద సాంకేతిక విభాగం అభిప్రాయం కావాలంటే లిఖితపూర్వకంగా కోరవచ్చునని ఒక నోట్ రాసి ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో నమోదు చేయించాను. అందులో తప్పు ఏమిటో రాయలేదు. బుధవారం ఎవరూ అడగలేదు. ఆ రోజు మేమిద్దరం ఇరవై స్లైడ్‌లకి ఆవిరి పట్టాం. సువార్త గారెల జోకు వేయలేదు. నాలుగు స్లైడ్‌లలో చుక్కలు కలిసిపోయాయి. ఆమె చేతిలో అలా జరగడం అదే మొదటిసారి.

గురువారం విభాగాధిపతి వచ్చీ రాగానే సువార్త ఆయన గదిలోకి వెళ్ళింది. పావుగంట తర్వాత ఆయన స్పాటర్ గదికి వచ్చి, సూది చూపించమని నన్ను అడిగాడు. చూపించాను. నా నోట్ల సంగతి ఎత్తలేదు. తొలి స్లైడ్‌ను తిప్పి మళ్ళీ స్కాన్ చేశారు, మిగిలిన నమూనాతో కొత్త స్లైడ్ పెట్టారు. శుక్రవారానికి తేలింది, ఎర్రకుళ్ళు లేదు. అయితే గురువారం మధ్యాహ్నమే, తొలి స్లైడ్ తిప్పి చూసిన వెంటనే, అప్పలనాయుడికి ఫోన్ చేశారు. అప్పటికే నాలుగు చెక్కలుగా, అంటే నాలుగు భాగాలుగా ఉన్న తోటలో రెండు చెక్కలు పీకి నిప్పు పెట్టేశాడు. పక్క పొలాలవాళ్ళు గట్టు మీద నిలబడి చూస్తుంటే, వాళ్ళవైపు ఉన్న చెక్కల నుంచే మొదలుపెట్టాడట.

సోమవారం సవరించిన నివేదిక తీసుకోవడానికి వచ్చాడు. కాగితం ఇవ్వాల్సింది నేను. సువార్త పక్కనే ఉంది. గదిలో వేరే ఎవరూ లేరు. అతను కాగితాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు.

"రెండు సెక్కలు మిగిలేయి, అదే సాల్లెండి. ఊళ్ళో సూపించుకోడానికి కాయితవుంది. ఒక మాటమ్మా. ఇంతమంది సదువుకున్నోలు ఉన్నారు గదా, ముందే సూసినోలు ఒక్కలూ నేకపోయేరా?"

"లేబుల్ ఊడిపోయిందండి," అన్నాను.

అది అబద్ధం కాదు. సువార్త నా వైపు చూసింది. తర్వాత రిజిస్టర్ నా ముందుకి జరిపి, "మేడం, ఇక్కడ సంతకం పెట్టండి" అంది.

పక్కన ఏ అధికారీ లేకుండా ఆమె నన్ను మేడం అనడం అదే మొదటిసారి. ఆ తర్వాత అప్పా అని పిలవలేదు. జూన్‌లో నర్సీపట్నంలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో చేరిపోయింది. వెళ్ళేరోజు అందరికీ స్వీట్లు పంచింది. నాకూ ఇచ్చింది, అందరికీ ఇచ్చినట్టే.

తర్వాతి విడత స్లైడ్‌ల నుంచి ఒక మూల ఖాళీగా వదిలారు. ఆ మార్పు ఎవరు సూచించారో ఆ ఉత్తర్వులో లేదు. సూది కూడా మార్చారు. అన్ని చుక్కలూ సమానంగా పడడం మొదలైంది. నేను మూడుసార్లు రాసి అడిగింది అదే. అయినా ఒక్కో స్లైడ్ చూసినప్పుడల్లా ఎడమవైపు లావు చుక్కల కోసం నా కన్ను వెతికేది.

ఆవిరి పట్టే పని ఆ తర్వాత వేరేవాళ్ళతో చేయించాను. వాళ్ళు గడియారం చూసి పట్టేవారు.

ఆ పాత సూదితో పడిన స్లైడ్ ఒకటి, పాడైపోయిందని పక్కన పడేసింది, నా దగ్గర ఉంది. వెలుతురులో పట్టుకుంటే ఉత్త గాజు. అన్నం వార్చేటప్పుడు ఆవిరి మీద పెడితే చుక్కలన్నీ లేస్తాయి. ఎడమవైపు మూడు వరసలు లావుగా. ఎన్ని సెకన్లకి తీయాలో ఇప్పటికీ నాకు కుదరదు, ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యమవుతుంది.

నోట్ల నకళ్ళు కూడా ఉన్నాయి, తేదీలతో సహా. ఆ రెండు విషయాల్లోనూ నేను చెప్పిందే సరైనది. సమావేశంలో ఆయన అన్నమాట తప్పు. ఇందులో నా అభిప్రాయం మారలేదు. కానీ ఆ మంగళవారం సాయంత్రం నుంచి గురువారం పొద్దుటి దాకా కాలిన చెరకు ఆయన లెక్కలోకి రాదు. తెలియక తప్పు చదివింది వాళ్ళు. తెలిసి ఊరుకున్నది నేను. ప్రయోగశాలలో ఒక తప్పు కంటబడితే, అది ఎవరి పని అని చూడకుండా అప్పుడే చెప్పాలి, నోట్ తర్వాత రాసుకోవచ్చు. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే. నాకంటే ముందు సువార్త నేర్చుకుంది.