చక్రం పూర్తిగా నిలిచాక

రాసుకో నాన్నా, నెమ్మదిగానే చెప్తాను. నేను బందర్లో టైపు నేర్చుకుని, గుడివాడలో ఆయిలింజన్లు బిగించి అమ్మే ఓ షెడ్డులో పనికి కుదిరాను. అప్పటికింకా నాకు పెళ్లి కాలేదు. అక్కడి ఇంజనీరుగారు ఇంజను వాడే పద్ధతంతా ఇంగ్లీషులో రాసేవారు. కాపీలు తీసే మిషను కోసం నేను దాన్ని స్టెన్సిల్ కాగితం మీద టైపు కొట్టేదాన్ని. ఇంజను కొన్న రైసుమిల్లుకి ఆ పుస్తకం కూడా ఇవ్వాలి. మిల్లు గుమాస్తా చదివి చెబితే, ఇంజను నడిపే డ్రైవరు విని చేస్తాడు.

ఇంజనీరుగారికో అలవాటుండేది. రాసిన ప్రతి వాక్యాన్నీ నాచేత తెలుగులో చెప్పించి, మా షెడ్డు డ్రైవరు ఏం చేస్తాడో చూసేవారు. "మన ఇంగ్లీషు బాగుందో లేదో అతని చేతులు చెప్పాలమ్మా" అనేవారు.

ఓసారి తొందరలో స్టెన్సిళ్లన్నీ ముందే కొట్టేశాను. తెల్లారి ఇంజన్లు దివిసీమలోని అవనిగడ్డకి లారీ ఎక్కాలి. సాయంత్రం "స్టాప్ ది ఇంజన్ అండ్ రిమూవ్ ది కవర్" అన్న చోటికొచ్చాం. ఇంజను ఆపి బెల్టు మూత తీయమన్నాను. డ్రైవరు ఆయిలు కట్టేసి, అదే ఊపులో మూత మీద చెయ్యి వేశాడు. పెద్ద చక్రం ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంది. ఇంజనీరుగారు అతని మణికట్టు పట్టుకుని వెనక్కి లాగేశారు.

"ఆపమన్నారు, ఆపేశానండి. తీయమంది అమ్మాయిగారే" అన్నాడు డ్రైవరు.

"నువ్వు సరిగ్గానే చేశావు, అమ్మాయీ సరిగ్గానే చెప్పింది. తప్పు నాది."

అక్కడే నిలబడి "వెయిట్ అన్‌టిల్ ది వీల్ ఈజ్ స్టిల్, దెన్ రిమూవ్ ది కవర్" అని రాశారు. చక్రం పూర్తిగా నిలిచేదాకా ఆగి, అప్పుడు మూత తీయమని. నాకు ఒళ్లు మండింది.

"రెండూ ఒకటే కదండీ. ఆపమంటే ఆగినట్టేగా" అన్నాను.

"మనకి ఒకటేనమ్మా. అవనిగడ్డలో చెయ్యి పట్టుకుని లాగడానికి నేనుండనుగా."

వాక్యం పొడుగైంది, స్టెన్సిల్ మీద తప్పులు కప్పే ఎర్రమందు పూసి ఇరికిద్దామన్నా పట్టలేదు. పేజీ మొత్తం మళ్లీ కొట్టాను.

ఇంజను మళ్లీ నడిపించి, కొత్త మాట చెప్పగానే డ్రైవరు ఆయిలు కట్టేసి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. చక్రం ఎంతకీ ఆగదే.

"ఇదేంటండీ, పెళ్లివారికోసం చూసినట్టు చూడాలా?" అన్నాడు డ్రైవరు.

"చూడాలి" అన్నారు ఇంజనీరుగారు.

అంత చదువుకున్న మనిషి, తనూ డ్రైవరు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు. చక్రం చివరిసారి కదిలి నిలిచాక, "ఇక తియ్యి" అన్నారు. అప్పుడు నేను స్టెన్సిలు కాపీల మిషనుకెక్కించాను.