పంటు ముందా, నావ ముందా

పడవెక్కితే మా పెదనాన్న నిమిషం కుదురుగా కూర్చునేవాడు కాదు. తొంభైల్లో మా లంక నుంచి రోజూ పొద్దున్నే వంకాయల గంపలతో ఆయన, కాలేజీకని నేను గోదావరి దాటేవాళ్లం. రేవులో ఇంజనుతో నడిచే పెద్ద పడవ, పంటు, జనం నిండితేగాని కదలదు. ఆయన ఆగలేడు. "దిగరా, నావ ముందెళ్లిపోద్ది" అంటూ గంపలన్నీ నావలోకి మార్పించేవాడు. సగం దూరం వెళ్లామో లేదో, పంటు మమ్మల్ని దాటిపోయేది. నాకు ఒళ్లు మండేది. ఇసుక పడవ తెరచాప ఎత్తినా, చేపల దోనె పక్కగా జారిపోయినా ఆయన లేచి నిలబడేవాడు.

"చూడరా, అందరూ వెళ్లిపోతన్నారు!"

నావ ఊగిపోయేది. "కూర్చోండి బాబూ, ముంచేసేలా ఉన్నారు" అని తెడ్డు వేసే మనిషి కసిరేవాడు.

ఒక వర్షాకాలం పెద్దమ్మ అవతలి ఊరి ఆసుపత్రిలో పోయింది. పొద్దున్నే ఆమెను నావలో ఇంటికి తెస్తున్నాం. ఆమె తల ఒళ్లో పెట్టుకుని పెదనాన్న నావ అడుగున కూర్చున్నాడు. పంటు దాటిపోయింది. ఇసుక పడవ దాటిపోయింది. ఆయన తలెత్తలేదు. చివరికి ఒక లాంచీ మా పక్కకొచ్చి ఆగింది.

"ఇందులోకి మారిపోండి, తొందరగా దింపేస్తాను" అన్నాడు లాంచీ డ్రైవరు.

పెదనాన్న ఆమె నుదుటి మీద పడ్డ నీటిచుక్క తుడిచాడు.

"మీరెళ్లండి బాబూ. ఇవాళ మేం మెల్లిగా వస్తాం."